రోజుకో తప్పు

పొయ్యి కట్టేసిందో లేదో చూసుకోవడానికి లెక్కల టీచర్ సందు మలుపు దాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచి మెడ సాచి వంటింట్లోకి చూసింది.

"కట్టేశావమ్మాయ్," అంది మంచం మీదినుంచి అత్తగారు. "ఇందాక వచ్చి చూసినప్పుడూ కట్టేసే ఉంది."

"ఇందాక ఎప్పుడొచ్చాను?"

అత్తగారు దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు లాగుతూ కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. చూపు ఆనదు, మోకాళ్ళు సహకరించవు గానీ జ్ఞాపకం మాత్రం కత్తి. తన పెళ్ళిలో ఎవరు ఎవరి మీద అలిగి భోజనం మానేశారో ఇప్పటికీ వరసపెట్టి చెబుతుంది. కోడలు కొత్తకాపురంలో మాడ్చిన గిన్నె కూడా ఆవిడ లెక్కలో ఇంకా ఉంది. కొడుకు పోయి ఇంట్లో ఇద్దరే మిగిలాక కూడా ఆ దెప్పిపొడుపులు ఆగలేదు. అలాంటి మనిషి, ఈ మధ్య కోడలు కాచిన పాలే మళ్ళీ కాచినా, అడిగిన మాటే మళ్ళీ అడిగినా పల్లెత్తు మాట అనడం లేదు. అదే టీచర్‌కి భయంగా ఉంది. తిట్టే అత్తగారు తిట్టడం మానేస్తే కోడలికి అంతకంటే గుబులేముంటుంది?

"ఇవాళేగా మీ బడి తనిఖీ? నిదానంగా చెప్పు పాఠం. పరుగులు పెట్టకు."

"నేనెప్పుడు పరుగులు పెట్టాను అత్తయ్యా!" అంటూనే పరుగులాంటి నడకతో సందు దాటేసింది.

చూడ్డానికి ఏమంత మనిషి కాదు. పీలగా ఉంటుంది. కుడిచేతి వేళ్ళ చివర్లు సుద్ద తిని పగిలి ఉంటాయి. ఏ రంగు చీర కట్టినా సాయంత్రానికి నడుం దగ్గర తెల్లటి చెయ్యి అచ్చు పడాల్సిందే. కాలు ఒకచోట నిలవదు. బల్లల మధ్య తిరుగుతూనే చెబుతుంది, తిరుగుతూనే దిద్దుతుంది. స్టాఫ్ రూంలో టీ కూడా కిటికీ దగ్గరికీ గుమ్మం దగ్గరికీ నడుస్తూనే తాగుతుంది. "ఆ కాళ్ళకు చక్రాలేమైనా వేయించారా?" అని తోటి టీచర్లు ఏడిపిస్తారు.

దారి పొడుగునా పదిహేడో ఎక్కం చదువుకుంటూ నడిచింది. ఇదొక కొత్త అలవాటు. తన బుర్రకి తానే పరీక్ష పెట్టుకోవడం అన్నమాట. పదిహేడు ఆర్లు నూట రెండు. పదిహేడు ఏడులు... మందుల షాపు దగ్గర ఆగిపోయింది. షాపతను నమస్కారం పెట్టాడు, ఈవిడ చూడనే లేదు. మంగలి షాపు కూడా దాటాక నూట పంతొమ్మిది ఎక్కడినుంచో ఊడిపడింది. హమ్మయ్య అనుకుంది. ఇవాళ ఒక్క రోజు గడిస్తే చాలు. ఇవాళ ఒక్క పూట బుర్ర తన మాట వింటే చాలు, రేపటి సంగతి రేపు చూసుకోవచ్చు.

బడి గేటు దగ్గరే కొత్త సున్నం వాసన కొట్టింది. ప్రభుత్వ మాధ్యమిక పాఠశాల అన్న బోర్డు కడిగారు. పూలకుండీలు ఎవరింటినుంచో అరువు తెచ్చారు. మరుగుదొడ్లు శుభ్రంగా కనబడాలని నిన్నటినుంచీ తాళం వేసి ఉంచారు. పాపం పిల్లలు కాళ్ళు ముడుచుకుని తిరుగుతున్నారు! పెద్ద సారు వరండాలో ఒక కుండీని ఇటు జరిపి, నచ్చక మళ్ళీ అటు జరుపుతున్నాడు. టీచర్‌ని చూడగానే పక్కకి పిలిచాడు.

"అమ్మా, తెలుసుగా. ఈసారి గ్రేడు కింద పడిందంటే బడికి తాళమే. మన పిల్లల్ని పెద్ద రోడ్డు అవతల బడిలో కలిపేస్తారు. లారీలు పోయే రోడ్డు. సగంమంది చదువే మానేస్తారు."

"తెలుసు సార్."

"అందుకని ఇవాళ మాత్రం మీ తప్పుల ఆట వద్దు. దండం పెడతాను. చక్కగా ఒక్క లెక్క, ఒక్క తప్పు లేకుండా చెప్పేయండి. మాటివ్వండి."

"ఇచ్చాను సార్," అంది.

తప్పుల ఆట అంటే ఆ బడిలో తెలియనివాళ్ళు లేరు. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు బోర్డు మీద నిజంగానే కూడిక తప్పు చేసింది. చివరి బెంచీలోంచి ఎవడో పట్టుకున్నాడు. క్లాసంతా గొల్లుమంది. సిగ్గుతో ప్రాణం పోయినంత పనై, నోటికి వచ్చింది అనేసింది: "కావాలనే వేశాను. ఎవరు పట్టుకుంటారో చూద్దామని." మర్నాడు పిల్లలు పుస్తకాలు కూడా తీయకుండా బోర్డు మీదే కళ్ళు పెట్టి కూర్చున్నారు. అంతకుముందు వాళ్ళనలా కూర్చోబెట్టడానికి ఆవిడ తలప్రాణం తోకకొచ్చేది. ఇక అప్పటినుంచీ రోజుకో తప్పు. కావాలని, మంచి చోటు చూసి వేస్తుంది. పట్టినవాళ్ళు లేచి "తప్పు!" అని కేక పెట్టాలి. గంట కొట్టేలోగా పట్టలేకపోతే టీచర్ గెలిచినట్టు. పిల్లలు ఆవిడకు తప్పుల టీచర్ అని పేరు పెట్టారు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆవిడకు లోపల్లోపల మురిపెమే.

తనిఖీ మేడమ్ రెండో గంటకి వచ్చింది. పొడుగాటి మనిషి, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని ఉంది. ముందు పక్క గదిలో సోషల్ క్లాసుకి వెళ్ళింది. మధ్యన చెక్క అడ్డమే కాబట్టి అన్నీ వినబడుతున్నాయి. అక్కడ వారంనుంచీ ప్రశ్నలూ జవాబులూ వరసగా బట్టీ పట్టించారు. మేడమ్‌కేం తెలుసు? ఒక ప్రశ్న వదిలేసి తరవాతిది అడిగింది. పిల్లలు మాత్రం వరస తప్పకుండా వదిలేసిన ప్రశ్నకే జవాబు చెప్పారు. ఆవిడ నదుల గురించి అడిగితే వీళ్ళు ముక్తకంఠంతో "పత్తి!" అన్నారు. చెక్కకి ఇవతల లెక్కల క్లాసు కిసుక్కుమంది. టీచర్ కళ్ళురిమింది. సోషల్ మునిగింది. ఇక మిగిలింది తనే.

మేడమ్ వచ్చి చివరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంది. పెద్ద సారు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక తోట ఉందర్రా," అని మొదలుపెట్టింది టీచర్. నిద్రలో లేపి అడిగినా చెప్పగల లెక్క. అందుకే ఇవాళ్టికి దాన్ని ఎంచుకుంది. తోట పొడవు ఇరవై మీటర్లు, వెడల్పు పన్నెండు. తోటకి బయట చుట్టూరా రెండు మీటర్ల వెడల్పున నడిచే దారి వేయాలి. దారి వైశాల్యం ఎంత? బొమ్మ గీసింది. తోట వైశాల్యం: ఇరవై ఇంటూ పన్నెండు, రెండు వందల ఇరవై.

"తప్పు!"

ముందు బెంచీలోంచి రెండు జడల పిల్ల ఎగిరి నిలబడింది. "రెండు వందల నలభై టీచర్!"

టీచర్ బోర్డు వైపు తిరిగింది. తన చేతిరాతే. తను రాసిందే. గుమ్మంలో పెద్ద సారు ముఖం కందగడ్డ అయింది. మాటిచ్చి మోసం చేసిందనుకున్నాడు కాబోలు. తనిఖీ మేడమ్ నెత్తి మీది కళ్ళజోడు కిందికి దించుకుంది.

"అది కావాలని వేశారా మీరు?"

టీచర్ నోరు విప్పేలోపే క్లాసంతా అందుకుంది. "రోజూ వేస్తారు మేడమ్! మేం పట్టుకోవాలి!"

"అవునండీ," అంది టీచర్. "వీళ్ళు నిద్రపోకుండా."

దిద్దింది. రెండు వందల నలభై మీటర్లు అని రాసింది. "తప్పు! చదరపు మీటర్లు!" ఈసారి కిటికీ వైపునుంచి. దాన్నీ దిద్దింది. దారితో కలిపి పొడవు ఇరవై రెండు, వెడల్పు పద్నాలుగు. గుణిస్తే మూడు వందల ఎనిమిది. అందులోంచి తోటని తీసేస్తే డెబ్భై ఎనిమిది. "తప్పు! తప్పు! అరవై ఎనిమిది!" నలుగురైదుగురు ఒక్కసారే లేచారు. ఇప్పుడు మేడమ్ కూడా బెంచీలోంచి ముందుకు వంగి నవ్వుతోంది. టీచర్ అరవై ఎనిమిది చుట్టూ సున్న చుట్టింది. పిల్లలు చప్పట్లు కొట్టి పుస్తకాల్లో దించుకున్నారు. ఆవిడ ముఖాన నెత్తురు చుక్క లేదు. ఆ సంగతి ఎవరూ చూడలేదు, అందరూ బోర్డునే చూస్తున్నారు.

బయట వరండాలో మేడమ్ పెద్ద సారుతో అంటున్న మాటలు వినబడ్డాయి. "ఎన్నో బళ్ళు తిరిగానండీ. టీచర్ రాసింది తప్పని లేచి చెప్పగలిగే పిల్లల్ని ఇక్కడే చూశాను. మీ బడికి భయం లేదు, నేను రాస్తాను."

గంట కొట్టాక రెండు జడల పిల్ల వెనకబడింది. టీచర్ పిలిచింది.

"ఏమే, మన ఆటలో రోజుకి ఎన్ని తప్పులు?"

"ఒకటి టీచర్."

"మరి ఇవాళ మూడు పట్టారుగా?"

పిల్ల కాలి బొటనవేలితో నేల గీకింది. "ఈమధ్య రోజూ రెండో మూడో ఉంటున్నాయి టీచర్. చలికాలం సెలవుల తరవాతనుంచి."

"నాతో చెప్పలేదేం?"

"చెబుతూనే ఉన్నాంగా టీచర్. వెంటనే కేక పెట్టేస్తున్నాం." తరవాత గొంతు తగ్గించింది. "ఇంట్లో ఎవరం చెప్పలేదు. క్లాసంతా ఒట్టు వేసుకున్నాం. చెబితే మిమ్మల్ని మార్చేస్తారని."

టీచర్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. పిల్ల తల మీద చెయ్యి వేసి, "పో, అన్నం తిను" అని మాత్రం అంది.

తరవాత మూడు క్లాసులు ఎలా చెప్పిందో ఆవిడకే తెలియదు. బోర్డు ముట్టకుండా నోటితోనే నడిపించింది. స్టాఫ్ రూంలో అందరూ చుట్టుముట్టి బడిని నిలబెట్టావన్నారు. సోషల్ సారయితే చేతులెత్తి దండం పెట్టాడు. ఆవిడ టీ గ్లాసు పట్టుకుని కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉంది. పిల్లలున్నారు కదా అనుకుంది. ఎన్ని తప్పులు వేసినా పట్టేస్తున్నారు కదా. రిటైరవడానికి ఇంకో రెండేళ్ళే. వాళ్ళు కాపు కాస్తుంటే తను చెప్పలేదా ఏం? ఆశ చెడ్డది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఆవిడ ఆ మాట దాదాపు నమ్మేసింది.

సాయంత్రం బడి వదిలాక సంచీ కోసం క్లాసులోకి వెళ్ళింది. పొద్దుటి లెక్క బోర్డు మీద అలాగే ఉంది. మేడమ్ మళ్ళీ వచ్చి చూస్తుందేమోనని పెద్ద సారు తుడవనివ్వలేదట. ఆవిడ దాన్ని పైనుంచి కిందికి, పిల్లలు చూసినట్టు చూసింది. తోట. తోట చుట్టూ దారి. ఇరవైకి రెండు కలిపితే ఇరవై రెండు...

కాళ్ళు ఆగిపోయాయి.

దారి రెండు వైపులా ఉంటుంది. అటొక రెండు, ఇటొక రెండు. ఇరవై నాలుగు కావాలి. వెడల్పు పదహారు. జవాబు నూట నలభై నాలుగు. ప్రతి ఏడాదీ ఈ లెక్క దగ్గర, "దారి ఒక్క పక్కనే వేసి రెండో పక్క గోడ దూకుతార్రా?" అని పిల్లల్ని నవ్వించేది తనే. ఆ తప్పు ఎవరూ పట్టలేదు. పిల్లలు పట్టలేదు, మేడమ్ పట్టలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. క్లాసులో ప్రతి పుస్తకంలోనూ అరవై ఎనిమిది చుట్టూ సున్న చుట్టి ఉంది.

ఆవిడ తిన్నగా పెద్ద సారు గదికి వెళ్ళింది. ఆయన మహా ఉషారుగా ఉన్నాడు.

"రండమ్మా రండి! పొద్దున కాసేపు మీ మీద అరికాలి మంట నెత్తికెక్కింది, అబద్ధం ఎందుకు. మాటిచ్చి మళ్ళీ ఆ ఆటే ఆడారని. కానీ ఆ ఆటే మనల్ని కాపాడింది! వేరే బళ్ళవాళ్ళని మీ క్లాసుకి పంపిస్తానంటోంది ఆ మేడమ్."

"సార్, రేపటినుంచి నేను రాను."

"సెలవా? తీసుకోండి, రెండ్రోజులు తీసుకోండి."

"సెలవు కాదు. మీకిచ్చిన మాట నేను తప్పలేదు సార్. ఇవాళ నేను కావాలని ఒక్క తప్పూ వేయలేదు."

ఆయన నవ్వు కొంచెం కొంచెంగా ముఖంలోంచి దిగిపోయింది. "మరి ఆ మూడూ?"

"మూడు కాదు. నాలుగు."

పెద్ద సారు నీళ్ళు నమిలి, చివరికి ఒక దారి కనిపెట్టినట్టు ముందుకు వంగాడు. "క్లాసులు వద్దులెండి. ఆఫీసులో కుర్చీ వేయిస్తాను. ఎవరికీ తెలియదు. రెండేళ్ళు ఊరికే కూర్చోండి."

"నాకు కూర్చోవడం రాదు సార్," అంది ఆవిడ. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈవిడకీ ఏడుపొచ్చింది, ఈసారి ఆపుకోలేదు.

మళ్ళీ క్లాసుకి వచ్చేసరికి ఊడ్చే అమ్మ తడిగుడ్డ పట్టుకుని బోర్డు దగ్గర ఉంది.

"తుడిచేయమంటారా టీచర్?"

"వద్దమ్మా. రేపు పిల్లలు వచ్చేదాకా ఉండనీ."

అల్మరా తీసి, కొత్త సుద్దల డబ్బా విప్పింది. లెక్క కింద పెద్ద అక్షరాలతో, ఎక్కడా ఆగకుండా రాసింది: "ఇందులో ఇంకొకటి ఉంది. నేను కావాలని వేయలేదు. పట్టుకోండి." దూరం జరిగి ఒకసారి చదువుకుంది. సరిగ్గానే ఉందనిపించింది. అయినా ఊడ్చే అమ్మచేత కూడా ఒకసారి చదివించుకుంది.

సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. వరండాలో అరువు కుండీలు అప్పుడే రిక్షా ఎక్కుతున్నాయి. గేటు చప్పుడైంది. ఊడ్చే అమ్మ కిటికీలు మూసి, గది తలుపు దగ్గరికి వేసి పోయింది. బోర్డు కింద చెక్క అంచు మీద, చిన్న చేతులకి అందేంత ఎత్తులో, ఇంకా ఎవరూ గీయని సుద్దముక్క ఒకటి ఉంది.