ఏ వేలు మావా?

ఎల్లాజీ బ్రేకు పెడలు తొక్కి, వదిలి, మళ్లీ తొక్కాడు. బండి తీసేముందు మూడుసార్లు అలా తొక్కి చూడటం సాలూరు లారీల మీద పనిచేసిన రోజుల్లో అబ్బిన అలవాటు. ఇవాళ మొదటిసారి పెడలు మెత్తగా లోపలికి దిగినట్టనిపించింది. రెండోసారి గట్టిగానే ఉంది. మూడోసారి ఎలా ఉందో తేల్చుకోలేకపోయాడు.

అతనికి యాభై తొమ్మిదేళ్లు. పొట్టి మనిషి. కిటికీ మీద ఆనించి ఆనించి కుడి మోచెయ్యి ఎండకు కమిలిపోయింది. విజయనగరంలో కిరాణా కొట్టు ఉదయభాస్కర్ దగ్గర ఇరవై రెండేళ్లుగా కారు డ్రైవరు. ఇన్నేళ్లలో ఒక్క కోడిపిల్లను కూడా తొక్కించలేదు. అందుకే అతని గురించి ఎవరూ ఏమీ చెప్పుకోరు.

పెడలు సంగతి చెబితే, పది రోజుల క్రితమే ప్యాడ్లు మార్పించాం కదా అన్నాడు ఉదయభాస్కర్, ఫోనులోంచి తల ఎత్తకుండా. అతని తల్లి లక్ష్మీకామేశ్వరి అప్పటికే పూలబుట్టతో వెనక సీట్లో కూర్చుంది. శనివారాలు ఆవిడ రామతీర్థం వెళ్లాలి. దిగమనడానికి ఎల్లాజీకి నోరు రాలేదు.

వెళ్లేటప్పుడు ఏమీ కాలేదు. తిరుగుదారిలో నెల్లిమర్లలో జూట్ మిల్లు షిఫ్టు వదిలారు. సైకిళ్ల మధ్యనుంచి క్యారేజీ పట్టుకున్న ఒక ఆడమనిషి రోడ్డుకు అడ్డంగా వచ్చింది. ఎల్లాజీ తొక్కాడు. తొక్కాననే అనుకున్నాడు. బండి ఆగలేదు. చేతి బ్రేకు లాగాక, ఆమె చీర కుచ్చెళ్లకు జానెడు దూరంలో ఆగింది. ఆమె ఒకసారి అతని ముఖంలోకి చూసి వెళ్లిపోయింది.

బండి పక్కకు తీశాడు. అమ్మగారిని ఆటో ఎక్కించి, మెకానిక్ గంగులుకు ఫోను చేశాడు. అనుమానం పొద్దున్నే వచ్చింది. వచ్చాక కూడా బండి తీశాడు. ఆ ఆడమనిషి ముఖం కళ్లలోంచి పోవడం లేదు.

గంగులు బైకు మీద వచ్చి, చక్రాలు చూశాడు. పెడలు టపటపా తొక్కి చూశాడు.

"బ్రేకు బాగానే ఉన్నాది మావా."

ఎల్లాజీ తారు రోడ్డు వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు. "అయితే నా కాలేమోరా. సుగరొచ్చిన కాణ్ణించి కుడి పాదం మొద్దుబారినట్టుంటన్నాది."

గంగులు అతన్ని సీట్లో పక్కకు తిప్పి కూర్చోబెట్టి, కుడికాలి చెప్పు విప్పి, కళ్లు మూసుకోమన్నాడు. పానాతో ఒక కాలివేలు నొక్కాడు.

"ఏ వేలు మావా?"

"నొక్కు, సెప్తాను."

గంగులు పానా తియ్యలేదు. అప్పటికే నొక్కుతున్నాడు.

తర్వాత అతను తనే సీట్లో కూర్చుని, ఈసారి పెడలును తొక్కి అలాగే పట్టి ఉంచాడు. పెడలు మెల్లగా నేలదాకా దిగిపోయింది. "బ్రేకే మావా. లోపల ఆయిలు తోసే సిలిండరు పోయింది. నీ తప్పు కాదు," అన్నాడు సంబరంగా.

ఎల్లాజీకి సంబరం కలగలేదు. ఆ క్షణంలో పోయింది పెడలా, పాదమా? తను అసలు తొక్కాడా? ఎవరినడిగినా చెప్పలేరు.

"సిలిండరు మార్సుతావు. కాలునేటి సేస్తావు?" అని తాళాలు గంగులు చేతిలో పెట్టాడు.

ఉదయభాస్కర్‌కు ఫోను చేసి, రేపట్నుంచి రానని చెప్పాడు. బ్రేకు బాగుచేయించుకోక ఉద్యోగం మానేయడమేమిటని అతను అడుగుతూనే ఉన్నాడు. ఎల్లాజీ ఫోను పెట్టేసి, బస్సు ఆగే చోటికి నడిచాడు.

విజయనగరం బస్సు వచ్చింది. జనం తోసుకుంటుంటే ఎల్లాజీ కమ్మీ పట్టుకుని ఎక్కాడు. ఇన్నేళ్లలో బస్సెక్కింది తక్కువ. డ్రైవరు వెనక నిలబడి అతని పాదాలకేసే చూస్తుండిపోయాడు. తన పాదాలకేసి చూసుకోలేదు.

బస్సు కదిలిపోయాక, ఎల్లాజీ ఎక్కిన చోట, దుమ్ములో, కుడికాలి చెప్పు ఒక్కటే పడి ఉంది.