పన్నెండో సూది

సాయంత్రం కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పే ముందు సూదులు లెక్కపెట్టడం మా ఇంటి నియమం. సూదులు గుచ్చే చిన్న దిండుకు పన్నెండు ఉండాలి. ఆరోజు పదకొండే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టినా పదకొండే. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వేరే ఇంట్లో అయితే పోతే పోయిందనుకుంటారు. గుచ్చుకుంటే పిల్లలు ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తారు కదా. మా నాలుగేళ్ల పిడుగు ఏడవదు. దానికి నొప్పి తెలియదు.

డాక్టరు మా అందరికీ ఓపిగ్గా చెప్పాడు. నరాల మీద కంటికి కనపడనంత చిన్న తలుపులుంటాయట. దెబ్బ తగలగానే అవి తెరుచుకుని, సోడియం లోపలికొచ్చి, మెదడుకు కబురు బయల్దేరుతుందట. మా పిల్లకు ఆ నొప్పి తలుపులు పుట్టుకతోనే తెరుచుకోవు. అందని కబురును మెదడు ఏమని గుర్తుపెట్టుకుంటుంది? ఇస్త్రీపెట్టె చేయి కాల్చిన మర్నాడే మళ్లీ దాని దగ్గరికి పోయింది. అందుకే మా అత్తయ్య "రక్తం కనపడితే వెంటనే చెప్పాలి" అని రోజూ దానిచేత వల్లె వేయిస్తుంది.

"అత్తయ్యా, ఒక సూది లేదు!"

"సరిగ్గా చూశావా? కంగారుపడితే నీకు ఒంట్లు కూడా రావు," అంటూనే ఆవిడ పిల్లను ఎత్తుకుని గౌను విప్పేసింది.

అరికాళ్లు, వేళ్ల సందులు, చంకలు, నాలుక కింద, అన్నీ తడిమాను. పిడుగు కిలకిలా నవ్వింది. చక్కిలిగిలి తలుపులు వేరట, అవి బాగానే ఉన్నాయి.

"సూది నోట్లో పెట్టుకున్నావా?"

"ఏమో."

"మింగేశావా?"

"ఆఁ, మింగేశా," అంది, ఏదడిగినా ఆఁ అనే పిల్ల.

ఆసుపత్రి కాగితాల కోసం బీరువాకూ బల్లకూ మధ్య పిచ్చిదానిలా పరిగెత్తాను.

"నానమ్మా, రక్తం!"

అత్తయ్య పిల్లను గబుక్కున తనవైపు తిప్పుకుంది. "ఎక్కడే?"

"అమ్మ కాలికి."

గచ్చు మీద, మిషన్ దగ్గర్నుంచి బీరువా దాకా ఎర్రటి చుక్కలు. సూది నా మడమలో సగం దాకా దిగి ఉంది. ఎప్పుడు దిగిందో, ఆ భయంలో నాకు తెలియనే లేదు. చూసిన మరుక్షణం నొప్పి నషాళానికంటింది. "అమ్మా!" అని కూలబడ్డాను. సంతోషం పట్టలేక ఏడ్చాను.

అత్తయ్య సూది లాగి, తుడిచి, దిండుకు గుచ్చి, "పన్నెండు," అంది.

పిడుగు వంగి నా ముఖంలోకి చూసింది. "అమ్మా, నీ తలుపు తెరుచుకుందా?"

"తెరుచుకుందే తల్లీ."

"మరి నాది?"

అత్తయ్య గబగబా గౌను కోసం వెతకసాగింది. అది ఆవిడ భుజం మీదే ఉంది.