సిస్టంలో ఒకటి ఉంది

దుప్పటికి అవతలి కొసలు పట్టుకునే మనిషి ఆవేళ పనికి రాలేదు. పాటక్క ఒక అంచును గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బార్లా చాపి, ఆసుపత్రి దుప్పట్లను ఒంటరిగానే మడతపెడుతోంది. ఆవిరి గదిలో ఏళ్లతరబడి పనిచేసిన ఆ వేళ్ల చివర్లు ఎప్పుడూ నానినట్టే ముడతలు పడి ఉంటాయి. చేతులు పని చేస్తుంటే నోరు తనకు తెలియకుండానే ఏదో కూనిరాగం తీస్తుంది. పాటక్క అన్న పేరు అలా వచ్చిందే. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఆ లాండ్రీలో ఎవరికీ తెలియదు. ఆయనకైనా గుర్తుందో లేదో అనుమానమే.

నిజానికి ఆమె ఒకప్పుడు పాడిన మనిషే. వయసులో ఉండగా రికార్డింగ్ స్టూడియోలో వెనక వరసలో నిలబడి, గుంపుతో పాటు వంతపాడే ఆడవాళ్లలో ఒకతె. గుంపులో ఒక్క గొంతును విడదీసి ఎవరు వింటారు? కానీ ఒకే ఒక్క పాటలో, రెండో చరణానికి ముందు, సంగీత దర్శకుడికి ఏం తోచిందో ఏమో, మిగతావాళ్లను ఆగమని ఈమె ఒక్కదాని చేతే చిన్న ఆలాపన పాడించాడు. ఊపిరి పీల్చి వదిలేంతసేపు, అంతే. క్యాసెట్టు పెట్టె మీద ఆమె పేరు వెయ్యలేదు. ‘బృందం’ అని వేశారు.

ఆ క్యాసెట్టును మొగుడు ప్రాణంలా చూసుకున్నాడు. ఆయన బస్సు డ్రైవరు. ఇంటికి ఎవరొచ్చినా పాట పెట్టేవాడు. ఆ చోటు రాగానే స్టీరింగ్ పట్టుకున్నట్టు చేతులు గాల్లో పెట్టి, “ఇదిగో, మా ఆవిడ ఎక్కింది” అనేవాడు. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె మొహం మాడ్చుకున్నట్టు నటించి వంటింట్లోకి వెళ్లిపోయేది. అలా వినీ వినీ చివరికి టేపు చిక్కుపడి తెగిపోయింది.

ఇప్పుడు ఆయన చెవులు పోతున్నాయి. జీవితమంతా ఇంజను పక్కన కూర్చున్నందుకు దక్కిన ఫలం. ఒక చెవి ఎప్పుడో పోయింది, రెండోది అదే దారిలో ఉంది. యంత్రం పెట్టినా లాభం లేదని డాక్టరు చేతులెత్తేశాడు. ఈమధ్య ఆమె ఏం చెప్పినా ఆయన తల ఊపి “అలాగే” అంటున్నాడు. ఇంకా కాస్త వినబడుతోందిలే అని ఆమె ధైర్యం. ఆ కాస్తా పోయేలోపు ఆ పాట ఒక్కసారి వినిపించాలని ఆమె పట్టు. ఇంతకుమించి ఆమె జీవితాన్ని కోరింది కూడా లేదు.

షిఫ్టు దిగగానే మెయిన్ రోడ్డు మీది పాటల కొట్టుకు బయలుదేరింది. పేరుకే అది పాటల కొట్టు. గుమ్మంలో సినిమా వీరుల బొమ్మలు, తరవాత టీ కప్పులు, హెడ్‌ఫోన్లు, వీడియో గేములు. వీటన్నిటినీ దాటుకుని పోతే ఎక్కడో మూల పాటలు. పాత పాటలైతే అద్దె ఇంటి సంసారంలా మాటిమాటికీ మకాం మారుస్తాయి. ఒకసారి మెట్ల కింద ఉంటే, ఇంకోసారి గేముల అరలకు వెనక. విని కొనుక్కోండని గోడకు హెడ్‌ఫోన్లు తగిలించారు గానీ వాటికి వైరు లేదు. ఇక పైన స్పీకర్లలో మోగే మోత సంగతి చెప్పక్కర్లేదు, అక్కడ ఎదుటివాడి మాట వినాలంటే చెవిలో దూరాలి.

ఆమెకు కావలసిన పాట సీడీ పెట్టె అరలోనే ఉంటుంది. కానీ అది ఖాళీ పెట్టె. దొంగల భయంతో అరల్లో ఉత్త పెట్టెలే పెడతారు. డిస్కులను నంబరు వేసిన కవర్లలో కౌంటరు వెనక సొరుగుల్లో దాస్తారు. ఈ పెట్టె తాలూకు కవరు ఎప్పుడు చూసినా ఖాళీయే. కౌంటరు దగ్గరి అమ్మాయి ప్రతిసారీ కంప్యూటరు వైపు తిరిగి ఒకటే పాట పాడేది.

“సిస్టంలో ఒకటి ఉందని చూపిస్తోంది, ఆంటీ.”

“మరి ఇవ్వమ్మా.”

“సొరుగులో లేదు కదా.”

“అయితే తెప్పించు తల్లీ.”

“ఉన్నట్టు చూపిస్తుంటే కొత్తది తెప్పించడానికి ఒప్పుకోదు, ఆంటీ.”

లేనిది ఉందంటుంది, ఉంది గనక తెప్పించదు. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయమే. కాళ్లరిగేలా తిరిగి, పోనీ ఆ ఖాళీ పెట్టె అయినా అమ్మమని ఒకసారి మేనేజరును అడిగింది. లెక్క తేడా వస్తుందన్నాడాయన.

ఈరోజు కౌంటరులో ఆ అమ్మాయి లేదు. కొత్తగా చేరిన గడ్డపతను ఉన్నాడు. వెనక వరస పెద్దదై జనం విసుక్కుంటుంటే, అతను కళ్లు ఇంకో కస్టమరు మీద పెట్టి, సొరుగులో చెయ్యి పెట్టి, కవరులోంచి ఒక డిస్కు తీసి, పెట్టెలో టక్కున నొక్కి, చుట్టూ సీలు టేపు వేసేశాడు. పాటక్కకు ప్రాణం లేచొచ్చింది. మెంబరు కార్డు ఉందా అంటే లేదంది, ఫోన్ నంబరు చెప్పమంటే చెప్పింది, ఏం అడిగితే దానికి తల ఊపింది.

“ఇక సిస్టంలో సున్నా అయింది, ఆంటీ. ఇంకోటి కావాలంటే ఇప్పుడు ఎంచక్కా ఆర్డరు పెట్టుకోవచ్చు” అన్నాడతను.

గుమ్మంలో గేటు కుయ్యోమంది. సెక్యూరిటీ అతను సంచి అంతా వెతికి, బిల్లు చూసి వదిలాడు. ఇంకోరోజైతే చిన్నబుచ్చుకునేది. ఈరోజు నవ్వుకుంటూ బస్సెక్కింది.

ఇంటికొచ్చేసరికి మొగుడు కుర్చీలో కూర్చుని కిటికీలోంచి రోడ్డు మీద పోయే బస్సులు చూస్తున్నాడు. పెట్టె చూపించగానే మొహం చాటంతయింది. కుర్చీని ప్లేయరు ముందుకు లాక్కుని, మంచి చెవిని స్పీకరుకు ఆనించాడు. ఆమె సీలు తెంచి, కళ్లజోడు వెతుక్కునే ఓపిక లేక డిస్కును అలాగే లోపల పెట్టి మీట నొక్కింది. చిన్న అద్దంలో అంకెలు వెలిగి, ఒకటొకటిగా కదిలాయి.

శబ్దం లేదు. ఆమె వాల్యూమ్ పెంచింది. అయినా లేదు. స్పీకరు వైరు కదిపి చూసింది. అంకెలు మాత్రం సాగిపోతున్నాయి. ఏదో తేడా జరిగిందని చెప్పబోయి ఆయన వైపు తిరిగింది.

ఆయన ఆ అంకెల మీదే చూపు నిలిపి, మోకాలి మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు. తాళం ఎక్కడా తప్పలేదు. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. చేతులు రెండూ మెల్లగా గాల్లోకి లేచి స్టీరింగ్ పట్టుకున్నాయి.

“ఇదిగో, మా ఆవిడ ఎక్కింది” అన్నాడు.

ఆమె ఆయన వీపు వెనక నిలబడి, ఎండిపోయిన గొంతుతో ఆ ఆలాపన తనే అందుకుంది. మొదట మెల్లగా, తరవాత గట్టిగా, చివరికి పక్కింటివాళ్లు తలుపు తీసి చూసేంత గట్టిగా పాడింది. ఆయన వెనక్కి తిరగలేదు. ఎన్నాళ్లుగా వినబడటం లేదో, ఎన్ని మాటలకు ఉత్తినే ‘అలాగే’ అన్నాడో ఆమెకు తెలియదు. తనకు దిగులెందుకని దాచాడు, తెలుస్తూనే ఉంది. అందుకు కోపం కూడా వచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలి?

“నీ గొంతు అలాగే ఉందే” అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ.

ఆమె ఎదురుగా వచ్చి, ఆయనకు కనబడేలా తల ఊపింది.

ఆయన మొహం కడుక్కోవడానికి లేచి వెళ్లాక ప్లేయరు తెరిచింది. డిస్కు మీద ఎర్ర కారు బొమ్మ. పిల్లల గేమేదో ఆ కవరులోకి చేరింది. సీలు తెరిచాక వాపసు లేదని బిల్లు మీద రాసే ఉంది. ఆర్డరు పెట్టుకోవచ్చన్నాడు గడ్డపతను. పెట్టుకోవచ్చు, ఎవరి కోసం? పక్కగదిలో కుళాయి ధారగా పోతూనే ఉంది. ఆ చప్పుడు తెలియదు గనక కట్టెయ్యడం మరిచిపోయాడు. ఆమె డిస్కును జాగ్రత్తగా పెట్టెలో నొక్కి, మూసి, ప్లేయరు మీద నిలబెట్టి, కుళాయి కట్టడానికి వెళ్లింది.

పెట్టె మీద ‘బృందం’ అన్న చిన్న అక్షరాలు కుర్చీ వైపుకే తిరిగి ఉన్నాయి, లోపల ఎర్ర కారు.