అన్నయ్యగారి సర్వీసు

పొద్దున తొమ్మిదింటికి షట్టరు లేపగానే టైలరమ్మ చేసే మొదటి పని కత్తెర తీయడం కాదు, లైటు వేయడమూ కాదు. కొలతల ల్యాప్‌టాప్‌ని తడిగుడ్డతో తుడవడం. ముందురోజు మధ్యాహ్నం అన్నయ్యగారు దాని ముందు కూర్చుని వెళ్ళారంటే తుడవక తప్పేది కాదు మరి. కీబోర్డు సందుల్లో పల్లీ పొట్టు, మౌసు నిండా జిడ్డు, తెర మీద తుమ్మిన తుంపరలు ఎండి చుక్కలు చుక్కలు. ఒకసారైతే ఎంటర్ కీ పక్కనే కొరికి ఊసిన గోరుముక్క దొరికింది. ఆ పూట ఆవిడకి భోజనం సహించలేదు.

అన్నయ్యగారంటే తోడబుట్టినవాడు కాదు, ఆడపడుచు మొగుడు. వరస అట్లాంటిది కాబట్టి అన్నయ్యగారూ అని పిలవాలి, నవ్వాలి, టీ పెట్టాలి. ఏదో ఆఫీసులో కంప్యూటర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఇంటిల్లిపాదికీ కంప్యూటరు వైద్యుడాయనే. ఫోను వేడెక్కిందన్నా, ప్రింటరు పలకలేదన్నా ఆయన మందు ఒక్కటే, ఫార్మాట్. మొత్తం తుడిచేసి మళ్ళీ మొదట్నుంచి. పోయిన ఫోటోల సంగతి అడిగితే, "పాతవి పోతేనేగా అమ్మా కొత్తవి వచ్చేది" అని బొటనవేలు గోరుతో పళ్ళ సందు కుట్టుకుంటూ నవ్వేవాడు.

ఆ ల్యాప్‌టాప్ పదకొండేళ్ళది. పాత సిస్టమ్ మీద నత్తకంటే నెమ్మదిగా నడుస్తుంటే, రెండు వీధుల అవతల రిపేరు కొట్టు నడిపే ఆవిడ, అందరూ స్క్రూలక్క అంటారు, అందులో లినక్స్ అని వేరే సిస్టమ్ వేసి ఇచ్చింది. "ముసలి ల్యాప్‌టాప్‌కి ఇది తేలికైన బట్ట. ఇంకో ఐదేళ్ళు లాగుతుంది పో" అంది. లాగింది కూడా. ఎప్పుడైతే అన్నయ్యగారు "నెలనెలా సర్వీసు చేయాలమ్మా, లేకపోతే చెడుతుంది" అని మొదలుపెట్టి, నెలనెలా అన్నది వారంవారం అయి, ఆఖరికి రోజూ మధ్యాహ్నం అయిందో, అప్పట్నుంచే దానికి ఆయాసం పట్టుకుంది.

టైలరమ్మ భోజనానికి ఇంట్లోకి వెళ్ళే రెండు గంటలూ ఆయనవి. షట్టరు సగం దింపుకుని లోపల కూర్చునేవాడు. "అప్‌డేట్ నడుస్తున్నప్పుడు మనిషి అలికిడి పడదు" అనేవాడు. కంప్యూటరుకి అలికిడి పడకపోవడమేమిటో టైలరమ్మకి తెలియదు. తెలియనిదాని గురించి పెద్దవాణ్ణి ఏమని అడుగుతుంది?

అట్లాంటి ల్యాప్‌టాప్ నిన్న సాయంత్రం మొండికేసింది. పాస్‌వర్డ్ కొడితే తెర ఒక్కసారి నల్లబడి, మళ్ళీ పాస్‌వర్డే అడుగుతుంది. మళ్ళీ కొడితే మళ్ళీ అంతే. గడప దాకా రానిచ్చి తలుపేసినట్టు.

మామూలు రోజైతే సరే. కానీ లోపల ఆసుపత్రి నర్సుల యూనిఫాం కొలతలున్నాయి, నలభై ఆరు మందివి. మూడు సాయంత్రాలు వాళ్ళు డ్యూటీ దిగేదాకా కాచుకుని, నిలబెట్టి తీసిన కొలతలు. ఇవాళ కత్తెర పడకపోతే ఎల్లుండి తొడిగి చూడడానికి ఏమీ ఉండదు. ఆసుపత్రి పెద్ద నర్సు ముందే చెప్పింది, మాట తప్పితే గుడ్డ తాన్లు వెనక్కి పట్టుకుపోయి వేరే వాళ్ళకి ఇస్తానని. కొలతలు రాసుకున్న చీటీలేమో లేవు. "కాగితాల కాలం పోయిందమ్మా, లోపల ఎక్కించాక చింపేయ్" అన్నాడు అన్నయ్యగారు. చింపేసింది. ఆ నలభై ఆరే కాదు, పదకొండేళ్ళుగా కుట్టినవాళ్ళందరి భుజాలూ నడుములూ అందులోనే ఉన్నాయి.

కబురందుకుని నిన్న సాయంత్రమే వచ్చాడాయన. ఊపిరి తగిలేంత దగ్గరగా వంగి చూశాడు. మెడ మీద చెమట తుడుచుకుని అదే చేత్తో నాలుగు కీలు నొక్కాడు.

"ఇంటికి పట్టుకెళ్ళి చూస్తానమ్మా" అన్నాడు.

"వద్దండీ, నర్సుల కొలతలున్నాయి. ఇక్కడే చూడండి. నేను పక్కనే ఉంటా."

ఆయన ఆవిడ వంకా, ల్యాప్‌టాప్ వంకా చూసి పెదవి విరిచాడు. "సిస్టమ్ మొత్తం పోయింది. రేపు పదకొండింటికి పెన్‌డ్రైవ్ తెచ్చి ఫార్మాట్ కొడతా. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకండి."

"మరి కొలతలు?"

"మళ్ళీ తీసుకో. నలభై ఆరు మందేగా."

నలభై ఆరు మందేగా. ఆ మాట అంటున్నప్పుడు ఆయన వేలు చెవిలో ఉంది. తీసి, చూసుకుని, బల్ల అంచుకి రాశాడు.

ఇవాళ పొద్దున ఆ బల్ల అంచు రెండుసార్లు కడిగినా చెయ్యి ఆనించబుద్ధి కాలేదు. కాజాలు కుట్టే పిన్ని ఓ మూల కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ చూస్తోంది. డెబ్భై ఏళ్ళావిడ, కళ్ళజోడు లేకుండా కాజా కుడుతుంది, నోరు మాత్రం ఊరుకోదు.

"ఎన్నిసార్లు తుడుస్తావే. ఆయన్నే బయటపెడితే ఒక్కసారి తుడిస్తే సరిపోతుందిగా."

"ఊరుకో పిన్నీ. ఆడపడుచు మొగుడు."

"ఆడపడుచు మొగుడైతే చెవిలో గుమిలి ఉండదా ఏం? వేసిచ్చిన ఆ స్క్రూలక్కకి ఫోన్ చేయి. చెప్పులు కుట్టినవాడికే తెలుస్తుంది ఎక్కడ తెగిందో."

"ముట్టుకోవద్దన్నారు."

"ఎవరి ల్యాప్‌టాప్‌ని ఎవరు ముట్టుకోవద్దన్నారు?"

గడియారం పది దాటింది. టైలరమ్మ ఫోను తీసింది.

స్క్రూలక్క అంతా విని అడిగింది. "పాస్‌వర్డ్ తప్పంటోందా, లేక తీసుకుని వెనక్కి తోస్తోందా?"

"తప్పనడం లేదక్కా. తీసుకుంటోంది, నల్లబడుతోంది, మళ్ళీ మొదటికే."

"అయితే పోయిందేమీ లేదు. లోపల చోటు నిండిపోయి ఉంటుంది. నువ్వు లోపలికి రావాలంటే అది కాస్త కాగితమ్ముక్క మీదైనా రాసుకోవాలి, ఆ ముక్క పెట్టుకునే జాగా కూడా లేదు. ఫార్మాట్ ఎవరన్నారు?"

టైలరమ్మ చూపు బల్ల అంచు మీద పడింది.

"సరే. కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టుకుని పైన ఎఫ్ మూడు నొక్కు."

నొక్కింది. బొమ్మలన్నీ పోయి నల్లటి తెర, మూలన ఒక తెల్లటి గీత. "అక్కా, అంతా పోయింది."

"పోలేదు. అది వెనక తలుపు. పేరు కొట్టు, తర్వాత పాస్‌వర్డ్. కొట్టేటప్పుడు చుక్కలు కూడా కనబడవు, భయపడకు. అది సిగ్గరి."

ఏమీ కనబడకుండానే కొట్టి ఎంటర్ నొక్కింది. ఎంటర్ వేలికి అంటుకుని లేచింది. ఛీ అనుకుంటూ చీరకి తుడుచుకుంది. అయినా తలుపు తెరుచుకుంది.

అక్క ఒక్కో అక్షరం చెబుతుంటే, సూదిలో దారం ఎక్కించినంత జాగ్రత్తగా కొట్టింది. డి, ఎఫ్, ఖాళీ, చిన్నగీత, హెచ్. వరసలు వరసలుగా అంకెలు. ఒక వరసలో నూటికి నూరు అని ఉంది.

"అదే నీ రోగం" అంది అక్క. "ఇప్పుడు ఎవరు నింపారో చూద్దాం. కొలతలకి అంత చోటు పట్టదు."

ఇంకో వరస అక్షరాలు కొట్టాక ఫోల్డర్ల పేర్లు, వాటి బరువులు వచ్చాయి. కొలతలు అన్న ఫోల్డరు బరువు చూస్తే నవ్వొచ్చింది. పదకొండేళ్ళ ఒళ్ళన్నీ కలిపి చొక్కా గుండీ అంత లేవు. అన్నిటికన్నా కింద, డిస్కులో ముప్పాతిక వంతు మింగి కూర్చున్న ఫోల్డరు ఇంకొకటుంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివింది. ముందు ఒక చుక్క. తర్వాత సర్వీస్.

"చుక్క పెట్టారా?" అక్క గొంతు మారింది. "పేరు ముందు చుక్క పెడితే మామూలుగా తెరిచినప్పుడు అది కనబడదు. దాచాలనుకున్నవాళ్ళు పెట్టే చుక్క అది. లోపల ఏముందో చూడు."

వీడియోలు. నూట ఎనభై దాకా ఉన్నాయి. టైలరమ్మ కీబోర్డు మీంచి చెయ్యి తీసేసింది. ఏం వీడియోలో, ఏం చూస్తున్నాడో, తన దుకాణంలో, తన స్టూలు మీద.

"ఒక్కటి తీసేయ్, లోపలికి పోవడానికి అది చాలు" అంది అక్క. "వెళ్ళగానే ముందు కొలతల్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. ఆ తర్వాతే ఏదైనా."

మొదటిది తీసేసింది. అక్క చెప్పిన కీలు నొక్కి మళ్ళీ ముందు తలుపుకి, మామూలు తెరకి, వచ్చి పాస్‌వర్డ్ కొట్టింది. తెర నల్లబడింది. పిన్ని సూది ఆగింది. నీలం రంగు తెర, దాని మీద మనవరాలి ఫోటో వచ్చాయి. కొలతల ఫోల్డరు తెరిచి ఒకటి నుంచి నలభై ఆరు దాకా వేలు పెట్టి లెక్కపెట్టుకుని, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్‌ని జాకెట్లో దోపుకుంది. అప్పుడు కూర్చుంది.

"ఇప్పుడు ఆ చుక్క సంగతి చూడు" అంది పిన్ని.

"వద్దు పిన్నీ. ఏ పాడు బొమ్మలో."

"పాడువైతే కళ్ళు మూసుకుంటాలే. పెట్టు."

టైలరమ్మ షట్టరు సగం దింపి వచ్చి నొక్కింది. పాడు బొమ్మలు కావు. అన్నయ్యగారే. వెనక తన గుడ్డ తాన్లు, పక్కన తన కుట్టుమిషను, మెడలో ఎర్ర టై. 'పాత ల్యాప్‌టాప్, కొత్త భయం' అని పైన పేరు. కంప్యూటరు నేర్చుకునేవాళ్ళకి పాఠాలు చెప్పి నెట్‌లో జనంలోకి వదులుతున్నాడట. తాన్ల మధ్య గొంతు మారుమోగదు, మెత్తగా, శుభ్రంగా వినిపిస్తోంది. అలికిడి పడనిది దేనికో టైలరమ్మకి అప్పుడర్థమైంది.

ఒక్కోటి దాటించుకుంటూ పోయింది. వైఫై రాకపోతే, తేదీ మారిపోతే, శబ్దం పోతే. ఒకచోట ఆగింది. పేరు చూసే ఆగింది.

"పాస్‌వర్డ్ కొడితే మళ్ళీ మొదటికే వస్తోందా?" తెరలో అన్నయ్యగారు పల్లీ నములుతూ అడిగాడు. "కంగారుపడకండి. డిస్కు నిండింది, అంతే. రెండు నిమిషాల పని. ఫార్మాట్ చేద్దాం అనేవాణ్ణి మాత్రం గుమ్మంలోంచే పంపించేయండి, వాడికి పని రాదు." నవ్వాడు. పంటి మీద పొట్టు. "మా బంధువుల్లో ఒకావిడుంది, బట్టలు కుడుతుంది. తెర నల్లబడితే కరెంటు పోయిందని ఫ్యాను వంక చూసే రకం. అట్లాంటివాళ్ళకి కూడా అర్థమయ్యేట్టు చెబుతా, వినండి."

పిన్ని సూది గుడ్డలో గుచ్చి వదిలేసింది. టైలరమ్మ వీడియో ఆపింది. వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. రెండోసారి వింటుంటే ఆయన మాటకన్నా నమిలే చప్పుడే పెద్దగా వినిపించింది, పచపచమని.

సరిగ్గా పదకొండింటికి షట్టరు కింద నుంచి వంగి వచ్చాడు, చేతిలో పెన్‌డ్రైవు.

"ఏమ్మా, ముట్టుకోలేదు కదా? టీ ఏదైనా..."

ఆవిడ ఆ వీడియోని మొదటికి తెచ్చి నొక్కింది. రెండు నిమిషాల పని, అన్నాడు తెరలో అన్నయ్యగారు. గుమ్మంలో అన్నయ్యగారు పూర్తిగా విన్నాడు. ఫ్యాను వంక చూసే రకం అన్న మాట దగ్గర మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"అది, ఊరికే, జనం నవ్వడానికమ్మా. నిన్ను కాదు."

"బట్టలు కుట్టే బంధువులు మీకింకెవరున్నారండీ?"

"నేనే తీసేద్దామనుకున్నా. నిన్న నువ్వు పక్కనే నిలబడ్డావు. నీ ఎదురుగా తీస్తే ఏమనుకుంటావో అని..."

"అందుకని నలభై ఆరు మంది ఒళ్ళు తుడిచేద్దామనుకున్నారు."

"అంత మాటెందుకు. చిన్న విషయం." స్టూలు జరుపుకుని చెయ్యి కీబోర్డు మీదికి చాచాడు. "లే, నేను తీసేస్తా. ఇవన్నీ ఎప్పుడో జనంలోకి పోయినవే."

గుడ్డ కొలిచే చెక్క స్కేలు ఆయన చేతికీ కీబోర్డుకీ మధ్య పడింది. కొట్టలేదు, అడ్డం పెట్టిందంతే.

"తాకకండి అన్నయ్యగారూ."

గొంతు పెరగలేదు. ఆ గారూ మాత్రం నోట్లో వెంట్రుక పడితే ఊసినట్టు వచ్చింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన చూస్తుండగానే అన్నీ ఎంచి తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. ఒక్కటి మిగిల్చింది.

"అదెందుకూ?" అన్నాడాయన.

"పనికొచ్చే మాట ఉందిగా అందులో. గుమ్మంలోంచే పంపించేయమని."

పిన్ని ముసిముసిగా నవ్వి దారం కొరికింది. పాస్‌వర్డ్ మార్చడమెలాగో స్క్రూలక్క ఫోనులో చెప్పింది. కొడుతున్నంతసేపూ టైలరమ్మ ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్లాడు పక్కవాడికి పలక చూపించనట్టు.

"మరి మధ్యాహ్నాలు..." అని గొణిగాడు ఆయన, తాన్ల వంక చూస్తూ.

"గుడ్డకి వాసన పట్టేస్తోందండీ."

వచ్చినట్టే వంగి వెళ్ళిపోయాడు. బెల్టు పైన చొక్కా లేచి, తడిసిన నడుము కనబడింది. టైలరమ్మ మొహం తిప్పుకుంది.

దూదికి స్పిరిట్ పెట్టి ఒక్కో కీ తుడిచింది. ఒక్కో ముక్కా నల్లగా వస్తోంది, తొమ్మిది ముక్కలు అట్లాగే పారేసింది. మౌసుని మూడుసార్లు తుడిచింది. ఇంకా ఎక్కడో అంటుకుంటున్నట్టే ఉంది, లేనిది కూడా ఉన్నట్టే అనిపిస్తోంది. దాన్ని తీసుకెళ్ళి చెత్తడబ్బాలో వేసింది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది.

"ముందు ఎవరిది?" అని అడిగింది పిన్ని.

తెర మీద మొదటి పేరు చదివింది. రాత్రి డ్యూటీ పొట్టి నర్సు. కుడి భుజం ఎడమదానికన్నా అరంగుళం దిగువ, ఆ పిల్లకే తెలియదు. టైలరమ్మ గుడ్డ తాను పరిచి, అరంగుళం సుద్దతో గీసి, కత్తెర పెట్టింది.