ఆఖరి చరణంలో పేరు

ఉదయగిరి బస్టాండు ఎదురుగా కట్టిన ఫ్లెక్సీ చూసి జయశ్రీ నిలబడిపోయింది. కాషాయం కట్టిన స్వామి ఫొటో, కింద పెద్ద అక్షరాలు: ‘తలుపూ నువ్వే, తట్టే చెయ్యీ నువ్వే.’

అది వాళ్ల రాక్ బ్యాండు పాట. భరత్ రాశాడు, తను పాడుతుంది. ఆత్మకూరులోని ప్రాక్టీసు గది దాటి ఆ పాట ఇంకా బయటికే రాలేదు.

ఒకప్పుడు భరత్ గుంతల రోడ్ల మీద, ఓట్ల మీద కోపంగా రాసేవాడు. వాళ్ల నాన్న పోయాక ప్రతి పాటలోనూ ఎవరో ఒక ‘నువ్వు’ వచ్చి కూర్చుంది. దేవుడని కొందరు, పిల్ల అని కొందరు అనుకున్నారు. పాడటానికి బాగున్నాయని జయశ్రీ ఏమీ అడగలేదు. ఈమధ్య గదిలోకి కొత్త యాంప్లిఫయర్ వచ్చింది. ఎక్కడిదంటే “తెలిసినోళ్లు ఇచ్చినారు” అని తల తిప్పుకున్నాడు. ఇప్పుడా మాట గుర్తొచ్చి ఆమెకు ఒళ్లు మండింది.

డ్రమ్స్ వాయించే రాఘవకు ఫోన్ చేసింది.

“పాట అమ్ముకున్నాడంటావా?” అన్నాడతను.

“మనల్ని కూడా కలిపి అమ్మినాడేమో!”

ఊరి చివర ఆ స్వామి ఆశ్రమానికి ఆటోలో వెళ్లింది. భక్తుల మధ్య భరత్ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. బయటికి పిలిచింది.

“ఏంది భరత్ ఇది? ఎంతకిచ్చినావు?”

“ఊరికే ఇచ్చినా. స్వామి అడిగినాడు.”

“మరి ఆ యాంప్లిఫయర్?”

అతను నేల చూశాడు. “అది వాళ్లే పంపినారు. నాయన పోయినాక నాకు నిద్ర లేదు జయశ్రీ. ఇక్కడ కూర్చుంటే పడతా ఉండాది. మన ఆత్మకూరు ప్రోగ్రాంలో ఆఖరి చరణంలో స్వామి పేరు పెట్టమంటున్నాడు. ఒక్క మాటేగదా.”

“నేను పాడను. కావాలంటే నువ్వే పాడుకో.”

నిద్ర సంగతి ఆమె పూర్తిగా నమ్మలేదు.

ప్రోగ్రాం రోజు ముందు వరసంతా ఆశ్రమం వాళ్లే. వీడియో తీయడానికి ఫోన్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఆఖరి చరణం దగ్గర జయశ్రీ మైకు వదిలి పక్కకు జరిగింది. భరత్ ముందుకొచ్చాడు. పేరు చెప్పేస్తాడనే అనుకుంది. రాఘవ డ్రమ్స్ మీద చేతులు ఆపేశాడు. భరత్ ముందు వరసను చూశాడు. రాసుకున్నది రాసుకున్నట్టే, పేరు లేకుండా పాడి ముగించాడు.

ముందు వరస ఒక్కసారిగా లేచి వెళ్లిపోయింది. మర్నాడు ఇద్దరు మనుషులొచ్చి యాంప్లిఫయర్ పట్టుకుపోయారు. రాఘవ నవ్వుతూ పాతదాని దుమ్ము దులిపాడు. భరత్ నవ్వలేదు.

వారం తిరగకముందే ఆత్మకూరు బస్టాండులో, ఉదయగిరి బస్సు దగ్గర భరత్ కనిపించాడు. జయశ్రీ గబగబా దగ్గరికెళ్లింది.

“మళ్లీ ఆడికేనా?”

“రానిస్తారో లేదో తెలీదు. వెనకాల ఎక్కడన్నా కూర్చుంటా.”

“ఇంకేమన్నా మాటిచ్చినావా వాళ్లకి?”

“లేదు. నమ్మితే నమ్ము, లేకుంటే లేదు.”

అతని కళ్ల కింద నల్లగా ఉంది. అయినా ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

“పద,” అని అతని వెనకే బస్సెక్కింది. “నేనే వచ్చి చూస్తా.”