ఖాళీ గళ్ళలో తారీఖు

పిల్లల ఆసుపత్రివాళ్ళ కంప్యూటర్లోని పాత టేబుళ్ళకు కొత్త వెబ్ ఫ్రేమ్‌వర్క్ తగిలించే పని నా నెత్తిన పడింది. ఫ్రేమ్‌వర్క్ అంటే వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్, ఒక చాదస్తపు మనిషి అనుకోండి. తను చెప్పినట్టే పేర్లుండాలి, ప్రతి టేబుల్‌కూ ఒక నంబరు గడి ఉండాలి, ఏ గడి ఖాళీగా ఉండొచ్చో ఏది ఉండకూడదో ముందే తేల్చి చెప్పాలి. ఆ పాత టేబుళ్ళు కట్టినాయన ఇవేవీ పట్టించుకోలేదు. ఆయన హాయిగా రిటైరయ్యాడు, తిట్టుకుంటూ కూర్చోవడానికి నేను మిగిలాను.

ఆ టేబుళ్ళలో ఎక్కడో మా పిచ్చుక ఉంది. మా అమ్మాయి. టీకాలన్నీ అక్కడే వేయించాం. ఏడాదైనా నిండకుండా, పోయిన చలికాలం జ్వరంతో చనిపోయింది. అందుకే పిల్లల వివరాలున్న వరుసలు తెరవకుండానే పని లాగించాను. గళ్ళ పేర్లు చూశాను, వాటి రకాలు చూశాను, లోపల ఎవరెవరున్నారో చూడలేదు. ధైర్యం చాలలేదు, అంతే.

ఏ రోజు ఎవరింటికి మెసేజ్ వెళ్ళాలో చెప్పే 'తరువాతి టీకా తేదీ' గడి తప్పనిసరి అని రాశాను. ఫ్రేమ్‌వర్క్ మొరాయించింది. ఇప్పటికే కొన్ని ఖాళీగా ఉన్నాయి, వాటిలో ఏం పెట్టమంటావని అడిగింది. కౌంటర్లో ఎవరో నింపడం మరిచిపోయి ఉంటారనుకుని, ఇవాళ్టి తారీఖు పెట్టమన్నాను. కిక్కురుమనకుండా పెట్టేసింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుంటే మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏమండీ, ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చింది. పిచ్చుకకి ఇవాళ టీకా అట."

నేను మూత కింద పెట్టేశాను.

"మీరు పంపించారా?"

"నేను పంపలేదు. నా వల్లే వచ్చింది. ఉండు, మళ్ళీ చేస్తాను."

అప్పుడు తెరిచాను వరుసలు. అప్పటిదాకా ఖాళీగా ఉన్న గళ్ళన్నీ చనిపోయిన పిల్లలవి. ప్రతి వరుస చివరా కారణం రాసి ఉంది. పాతాయన ఆ పిల్లల్ని టేబుల్లోంచి తీసెయ్యలేదు. ఇక రావలసిన తేదీ లేదు గనుక ఆ ఒక్క గడీ వదిలేశాడు. ఎవరూ ఏదీ మరిచిపోలేదు.

ఇంకా ఎన్ని ఇళ్ళలో ఫోన్లు మోగి ఉంటాయో. ఇవాళ్టికి మెసేజ్‌లు ఆపేసి, ఆసుపత్రి డాక్టరమ్మకు జరిగింది చెప్పాను. ఆవిడ ఫోన్ దగ్గరికి లాక్కుని ఒక్కొక్క తల్లికీ చేయడం మొదలుపెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ గడి ఖాళీగా ఉండొచ్చని మార్చి రాసి, ఒక్కొక్క తారీఖే తుడుస్తూ వచ్చాను. మా దానిది ఆఖరికి ఉంచి ఇంటికి ఫోన్ చేశాను.

"పిచ్చుక తారీఖు తుడిచేస్తున్నాను," అన్నాను.

"తుడవకపోతే ఏమవుతుంది?"

"రేపు మెసేజ్‌లు మళ్ళీ మొదలవుతాయి. పాపని తీసుకురాలేదేమని ఇంకోటి వస్తుంది."

"రానివ్వండి," అంది. "దాన్ని రమ్మని పిలిచేవాళ్ళు ఇంకెవరున్నారు?"

మర్నాడు పొద్దున్న నేను చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా ఆమె ఫోన్ మోగింది. ఇద్దరం పక్కపక్కన నిలబడి చదివాం. నిన్న రాలేదు, ఇవాళైనా పాపను తప్పక తీసుకురండి అని ఉంది. పాప పేరు ఉన్నచోట ఆమె వేలితో నిమిరింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఇక తుడిచెయ్యండి," అంది.

ఆఫీసుకు వెళ్ళి ఆ తారీఖు తుడిచాను. ఈసారి ఫ్రేమ్‌వర్క్ నన్నేమీ అడగలేదు.