అనంతగిరి దారిలో పచ్చచుక్క

హేమంతము నడిమికి వచ్చియుండెను. రాత్రియెల్ల అనంతగిరి లోయలలో నిదురించిన మంచు తెల్లవారినను లేవనొల్లక కాఫీతోటలపై మీగడవలె పేరుకొనియుండ సిల్వరోకు మ్రాకులను కౌగిలించి పైకెగబ్రాకిన మిరియపుతీగలు ఆ మంచుకడలిలో మునిగి తలలు మాత్రము తేల్చి సూర్యునికై యెదురుచూచుచుండెను. కొండ కావల అరకులోయలో వలిసెచేలు పసుపు పారబోసిన ముంగిళ్లవలె వెలుగుచుండెను. శృంగవరపుకోట విడిచి కొండకు ప్రాకెడు దారి యొక మలుపునందు కనబడి వేఱొక మలుపునందు మాయమగుచు వచ్చువారిని పిలుచుచున్నదో వెక్కిరించుచున్నదో తెలియకుండెను.

శనివారము వచ్చిన ఈ దారి విశాఖపట్టణపు సాఫ్ట్‌వేరు ఉద్యోగులకు విహారభూమి యగుచుండెను. వారమంతయు చల్లని గదులలో కూర్చుండి కంప్యూటరు తెరలలో కన్నులు పాతిపెట్టుకొని అక్షరమొకటి తప్పినను కూలిపోవు మేడలను కట్టెడు ఆ జనులకు సెలవునాడు చేతితో ముట్టి యెఱుగదగిన పని యేదైనను అమృతప్రాయమై తోచును. ఒకడు రొట్టెలు కాల్చును. ఒకతె వీణ పట్టును. వేఱొకడు గాజుతొట్టిలో చేపలను పెంచి వానికి పేరులు పెట్టి పిలుచును. సైకిలెక్కి కొండలు ప్రాకువారు మఱికొందఱు. అట్టివారే వామనమూర్తియు ఉత్పలయు కౌండిన్యుడును.

వామనమూర్తి వారిలో పెద్దవాడు. వైద్యుడు పొట్ట తగ్గింపుమన్నందున ఏబదియవ యేట సైకిలెక్కి పొట్ట తగ్గకమునుపే సైకిలుపై ప్రాణము పెట్టుకొన్నవాడు. ఎక్కుడుదారిలో అందఱికంటె వెనుకబడుటయు ఆయాసము దాచుకొనుటకై మలుపుమలుపునను దిగి పిట్టను చూచుచుంటినని బొంకుటయు ఆయనకు పరిపాటి.

"అన్నగారూ! మీ సైకిలు గడియారములోని చిన్నముల్లునకు చుట్టమా యేమి?" అని ఉత్పల పరిహసించును.

"చిన్నముల్లే కదమ్మా గంట యెంతయో చెప్పునది! పెద్దముల్లునకు పరుగే గాని పని యెక్కడిది?" అని ఆయన నవ్వును.

ఆ మిత్రులలో నొక ఆచారము కలదు. అందఱికంటె వెనుకబడినవాని వెనుక మఱియొకడు రావలెను. అతనిని వెనుకతోడు అందురు. వెనుకతోడు అప్పుడప్పుడు సైకిలుగంట మ్రోగించును. తాను క్షేమమని తెలుపుటకు ముందఱివాడు మాఱుగంట మ్రోగించును. ఈ ఆచారమును పెట్టినవాడు వామనమూర్తియే. కౌండిన్యుడు తొలిసారి ఈ కొండ యెక్కుచు నడిదారిలో సైకిలు పారవైచి కన్నీరు పెట్టుకొన్ననాడు వెనుకనుండి గంట మ్రోగించుచు వచ్చి ప్రక్కన కూర్చుండి బెల్లపుముక్క చేతిలో పెట్టి "తొందర లేదు నాయనా, కొండ యెక్కడికిని పోదు" అన్నవాడును ఆయనయే.

ఆ ప్రేమ మఱువలేక కౌండిన్యుడు తీరికవేళల కూర్చుండి మిత్రులకై యొక సాధనమును రచించెను. సైకిలెక్కిన ప్రతివాడును ఫోనులోని పటముపై పచ్చని చుక్కయై కనబడును. ఇంటనున్నవారును దానిని చూచి మనవాడు ఇంతదూరము పోయెను గదా యని ఊరట చెందవచ్చును. కాని యా కొండదారిలో సిగ్నలు నిలుకడగా నుండదు. మలుపులలో చుక్క చచ్చినదానివలె నిలిచి పిదప నొక్క గెంతున ముందునకు దుముకుచుండెను.

"నీవు చేసినది చుక్కయా కప్పయా?" అని మిత్రులు గేలిచేసిరి.

పనివానికి తన పనిపై నుండెడు మమకారమున కౌండిన్యుడు నొచ్చుకొనెను. నొచ్చుకొని యొక ఉపాయము పన్నెను. సిగ్నలు తప్పినయెడల ఆ మనుజుడు అంతకుముందటి వేగముననే పోవుచున్నాడని యెంచి మరల నిజమైన వార్త వచ్చువఱకు సాధనము చుక్కను తానే దారివెంట నడిపించునట్లు వ్రాసెను. ఎంతసేపటికి నిలుపవలెనో ఆ మేర తరువాత చేర్తునని తనకు తానే యొక గుర్తును అందులోనే వ్రాసికొనెను. అట్టి గుర్తులు వ్రాయుటయు మఱచుటయు ఆ వృత్తివారికి వెన్నతో పెట్టిన విద్య.

చుక్క నీటిపై పడవవలె సాగెను. అందఱును మెచ్చిరి. వామనమూర్తి భార్య రత్నమాల ఫోను చేసి "నాయనా, ఇప్పుడు శనివారమునాడు నాకు అన్నము సహించుచున్నది" అని దీవించెను. చుక్క యుండగా వెనుకతోడు ఏల యని ఆ ఆచారము మెల్లగా సడలిపోయెను. దానిని మానుదమని మాత్రము ఎవ్వరును నోరు తెఱచి యనలేదు.

ఆ శనివారము ప్రొద్దెక్కకమునుపే కౌండిన్యుడును ఉత్పలయు శిఖరము చేరి టీకొట్టు ముందఱి బల్లపై కూర్చుండిరి. వామనమూర్తి చుక్క దిగువ మలుపులలో నెమ్మదిగా నెక్కుచుండెను. ఎండ నడినెత్తికి వచ్చి పడమటికి వాలెను. చుక్క దరిసినకొలది ఉత్పలకు ఉత్సాహము హెచ్చెను.

"లెమ్ము లెమ్ము! చిన్నముల్లు వచ్చుచున్నది. నేడు అన్నగారు చాల మలుపులలో దిగనేలేదు చూడుము. పిట్టలన్నియు సెలవు పెట్టినవి కాబోలు!"

ఇరువురును దారిలోనికి పోయి చప్పట్లు కొట్టుటకు చేతులెత్తి నిలిచిరి. పటముపై చుక్క కడపటి మలుపు తిరిగెను. వారు తలలెత్తి చూచిరి. మలుపు శూన్యముగా నుండెను. చుక్క వారున్న చోటికి వచ్చెను. వారి చుక్కలతో నొక్క క్షణము కలిసెను. వారిని దాటి అరకులోయ వైపునకు అదే వేగమున సాగిపోయెను. దారిపై ఎండుటాకైనను కదలలేదు.

కౌండిన్యుని యెత్తిన చేతులు ఎత్తినట్లే యుండిపోయెను. అంతలో ఫోను మ్రోగెను.

"ఏమి నాయనా, మీ యన్న మిమ్ము దాటి పోయెనేమి? మీపై అలిగెనా? నేను పిలిచినను పలుకకున్నాడు" అని రత్నమాల యడిగెను.

"వదినగారూ!" అనెను కౌండిన్యుడు. "అది అన్న కాదు. అది నా యూహ. ఆయన యెక్కడ నున్నాడో నాకు తెలియదు."



"తెలియదా? ఉదయమునుండి నేను దానినే చూచుచు కూర్చుంటినే! దానితో మాటలాడుచు వంట చేసితినే!"

ఏ చుక్క నిజమో ఏది కల్పితమో వేరుపఱచి చూపుటకైన తాను పూనుకొనలేదని కౌండిన్యునకు అప్పుడు స్ఫురించెను. రెంటిని ఒకే పచ్చరంగున కలిపివైచినవాడు తానే. అన్ని మలుపులలో ఏ మలుపున వెదుకవలెను? అతడు చుక్క నడచిన జాడను పటముపై వెనుకకు వెనుకకు త్రిప్పసాగెను. శిఖరము చెంత ఆ జాడ దారమున గ్రుచ్చిన పూసలవలె సమానముగా నుండెను. దిగువకు పోయినను అట్లే. ఇంకను దిగువకు పోగా నొకచోట పూసలు చెదరెను. అక్కడినుండి క్రిందికి కొన్ని దగ్గఱగా మూగి కొన్ని యెడముగా పడి ఒక్కొక్క మలుపున గుంపుగట్టి నిలిచియుండెను. అవి ఆయాసములు. అవి సైకిలు దిగి పిట్టలను చూచిన తావులు.

"ఉత్పలా! ఇంతవఱకు ఊపిరి పీల్చినవాడు అన్న. ఇక్కడినుండి పైకి వచ్చినది నా వ్రాత" అని అతడు సైకిలుపై కుఱికెను.

వారు కొండరాళ్లవలె దిగువకు దొరలిరి. జాడ చెదరిన తావు చేరునప్పటికి ఎండ పండువాఱెను. అక్కడ ఫోనులు మూగవోయెను. దారి అంచున గుర్తు లేదు. విఱిగిన కొమ్మ లేదు. వాహనములు ఏమియు నెఱుగనట్లు పోవుచుండెను. ఆ తావు మొదలుకొని పైకి అంచు వెంట నడచుచు ఇరువురును "అన్నా!" యని కేకలు వేసిరి. లోయ ఆ పిలుపును కొంతసేపు తనయొద్ద నుంచుకొని మరల వారికే యప్పగించెను. అడుగునుండి మంచు లేవసాగెను. అది దారిని కప్పినచో ఇక వెదకుట యుండదు. ఉత్పల మోకాళ్లపై వ్రాలి పొదల నడుమ తొంగిచూచుచు ఏడ్చుచుండెను. శిఖరమున తానాడిన పరిహాసము ఆమె చెవులలో మ్రోగుచుండెను.

కౌండిన్యుని గొంతు బొంగురుపోయెను. కేక రాలేదు. ఏమి చేయుటకును తోచక అతడు సైకిలును పట్టుకొని నిలిచియుండ చేయి తనంత తానే పోయి గంటను నొక్కెను. కొండ పలుకలేదు. మరల నొక్కెను. నాలుగు అడుగులు నడచి మరల నొక్కెను. ఆ విధముగా మలుపు దాటునప్పటికి అడుగునెక్కడనో తడిసిన పిట్టకూతవలె నొక గంట పలికెను.

కాఫీపొదలు ఆయనను పట్టుకొనియుండెను. అవి లేకున్న బండలే. తొడ విఱిగి సైకిలు క్రింద చిక్కుపడి వామనమూర్తి తల మిరియపుతీగ ప్రాకిన ఒక మ్రాను మొదట ఆనించి పడియుండెను. ఫోను ఎక్కడనో పడిపోయెను. నీళ్లసీసా మాత్రము చేతికందు దూరమున నిలిచియుండెను. గంటపైనున్న బొటనవ్రేలు నీలివాఱియుండెను.

"వచ్చితిరా" అనెను. కన్నులు తెఱచుటకు కొంతసేపు పట్టెను. "నా చుక్క నిలిచిపోవుట చూచి మీరు వెంటనే వత్తురని కేకలు వేయక ఊపిరి దాచుకొంటిని. ఎండ తిరిగినది. మీరు రాలేదు. చూచియు రాలేదనుకొంటిని నాయనా."

కౌండిన్యుడు ఆయన చేతిని తన ముఖమునకు హత్తుకొనెను.

"చుక్క నిలువలేదన్నా. నిలువనీయకుండ వ్రాసినవాడను నేనే."

"మఱి యిప్పు డెచ్చటనున్నది?"

"అరకు వైపునకు సాగిపోయెను."

వామనమూర్తి నవ్వబోయి బాధకు పండ్లు బిగించెను. "నాకంటె గట్టిది" అనెను. ఉత్పల సిగ్నలున్న మలుపునకు పరుగెత్తి నూటయెనిమిది బండిని పిలిచెను. అది వచ్చువఱకు కౌండిన్యుడు తన చొక్కాను ఆయనపై కప్పి మంచులో వణకుచు గంట మ్రోగించుచునే యుండెను. దానిని ఆపిన ఆయన ఊపిరియు నాగునేమో యని యతని భయము.

ఆయన బ్రదికెను. కాలు పూర్వపు కాలు కాలేదు. ఆసుపత్రి వసారాలో కౌండిన్యుడు రత్నమాల యెదుట నిలిచి ఆ సాధనమును నేడే రూపుమాపెదనని పలికెను. ఆమె అతనివంక చూడక చేతిలోని పాలగ్లాసును అతని ముందుంచెను.

"మొదట త్రాగుము. నిన్నటినుండి ఏమియు తినలేదని ఉత్పల చెప్పినది. దానిని రూపుమాపకుము. అందులోని అబద్ధమును మాత్రము తీసివేయుము."

అతడట్లే చేసెను. ఇప్పుడు సిగ్నలు తప్పిన మలుపులలో పచ్చని చుక్క యుండదు. దాని తావున "తెలియదు" అను మాట కనబడును. చూచుటకు వికారముగా నున్నదని కొందఱనిరి. కౌండిన్యుడు దానిని మార్చలేదు.

మరుసటి హేమంతమున వామనమూర్తి కుంటుకాలితో మరల సైకిలెక్కెను. శిఖరము వఱకు పోవుటకు కాదు. ఆ మలుపు వఱకే. విశాఖపట్టణమున రత్నమాల ఫోనును పొయ్యిప్రక్కన ఆనించి వండుచుండ పచ్చని చుక్క మాయమై ఆ మాట కనబడెను. ఆమె మంట తగ్గించి పీటపై కూర్చుండెను. ఆనాడు ఆమెకు అన్నము సహింపలేదు. తెలియనిదానిని తెలిసినట్లు చూపి మనసును జోకొట్టుటకంటె భయపడవలసిన వేళ భయపడనిచ్చుట పెద్ద దయ. ఆ భయమే మనుజుని మనుజుని వెంట నడిపించును. ఏ పటముపైనను కానరాని ఆ మలుపులో మంచు నడుమ వెనుకనుండి ఒక గంట మ్రోగెను. కొంత యెడముగా ముందునుండి మాఱుగంట పలికెను.